శస్త్రవైద్యుడు థియోడోర్ బిల్‌రోత్

జర్మనీదేశమునకు ఉత్తరమున, బాల్టికు సముద్రములో, రూగెన్ అను ద్వీపమున్నది. ఆ ద్వీపమందలి బెర్గెన్ పట్టణమున, 1829వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన, ఒక లూథరన్ పాదిరిగారి ఇంట థియోడోర్ బిల్‌రోత్ జన్మించెను. మన కాకినాడలోను విశాఖపట్టణములోను వైద్యకళాశాలలయందు చదువు విద్యార్థులు జీర్ణకోశమునకు చేయు శస్త్రచికిత్సను నేర్చుకొనునపుడు నేటికిని ఈయన పేరు వినక తప్పదు. ఆ చికిత్సయందలి రెండు ముఖ్యపద్ధతులకు బిల్‌రోత్ మొదటి పద్ధతి, బిల్‌రోత్ రెండవ పద్ధతి అనియే పేర్లు. రాచపుండు పట్టిన జీర్ణకోశభాగమును కోసి తీసివైచి, మిగిలినదానిని ప్రేవుతో కలిపి కుట్టి, రోగిని బ్రదికించి ఇంటికి పంపిన మొదటి వైద్యుడీయన. ఆ రోగి తరువాత ఎన్నాళ్లు జీవించెనో అదియు ఈ కథలోని భాగమే. దానిని దాచి వ్రాసినచో బిల్‌రోత్ స్వభావమునకే విరుద్ధమగును. ఏల విరుద్ధమగునో ముందు తెలియగలదు.

థియోడోర్ అయిదేండ్ల బాలుడై యుండగనే తండ్రి క్షయవ్యాధితో మరణించెను. తల్లి తన అయిదుగురు కుమారులతో గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణమునకు వచ్చి కాపురముండెను. ఐదుగురిలో థియోడోర్ పెద్దవాడు. పెద్దకొడుకుమీద పెట్టుకొనిన ఆశ బడిలో ఫలించుచున్నట్లు కనబడలేదు. పాఠములు అతనికి సులభముగా పట్టుబడెడివి కావు. ఇంటివద్ద వేఱుగా ఉపాధ్యాయుని పెట్టి చెప్పించవలసివచ్చెను. అతని మనస్సంతయు సంగీతముమీదనే యుండెను. పియానో వాయించుటకు కూర్చున్నచో భోజనవేళ కూడ జ్ఞప్తికి రాదు. సంగీతమే వృత్తిగా చేసికొనవలెనని అతని కోరిక. అది కూడు పెట్టు వృత్తి కాదని తల్లి భయము. తుదకు తల్లిమాటయే నెగ్గెను. ఇట్టి వివాదములు నేటి మన యిండ్లలోను జరుగుచునే యున్నవి గాని, ఇరుపక్షములకును ఇంత మేలు కలిగిన వివాదము అరుదు. బిల్‌రోత్ వైద్యుడైనను సంగీతమును విడువలేదు.

1848లో అతడు గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయమున చేరెను గాని, చేరిన క్రొత్తలో కాలమెక్కువగా పియానోయొద్దనే గడచెను. విల్‌హెల్మ్ బౌమ్ అను శస్త్రవైద్యాచార్యుడు మరుసటి యేట గొట్టింగెన్ విశ్వవిద్యాలయమునకు పోవుచు ఈ యువకుని కూడ వెంట తీసికొనిపోయెను. అచ్చట సూక్ష్మదర్శిని అతని కన్ను తెఱపించెను. 1851లో తల్లి కూడ మరణించెను. అతడు బెర్లిను చేరి, మన ధవళేశ్వరమువద్ద కాటన్ దొరగారి ఆనకట్ట పూర్తియైన 1852వ సంవత్సరముననే, డాక్టరు పట్టమును పొందెను. పట్టము వచ్చినది గాని రోగులు రాలేదు. బెర్లినులో వైద్యాలయము తెఱచి రెండు నెలలు కాచుకొనియున్నను ఒక్క రోగియైనను ఆ గుమ్మము త్రొక్కలేదట. అప్పుడు, 1853లో, ప్రసిద్ధ శస్త్రవైద్యుడగు లాంగెన్‌బెక్ ఆచార్యునియొద్ద సహాయకుడుగా కుదిరెను. ఆ రెండు నెలలలో నలుగురు రోగులు వచ్చియుండినచో ఈ చరిత్రము వేఱుగా నుండెడిదేమో.

ఆ కాలపు శస్త్రవైద్యము ఎట్టిదో పిల్లలు తెలిసికొనవలెను. 1846లో అమెరికాదేశమందలి బోస్టను నగరమున ఈథరు మత్తుమందు ప్రయోగము జయప్రదమైనది మొదలు రోగికి బాధ తప్పినది. అంతకుపూర్వము ఎంత త్వరగా కోసిన అంత గొప్ప వైద్యుడు. మత్తు వచ్చినపిమ్మట వైద్యునికి నిదానించుటకు వ్యవధి చిక్కినది; కాని కోసిన గాయము చీము పట్టుట మానలేదు. సూక్ష్మజీవులను గూర్చిన జ్ఞానము అప్పటి కింకను రాలేదు. కాలుచేతులను తీసివైచిన రోగులే పెక్కుమంది ఆస్పత్రిజ్వరముతో మరణించుచుండగా, పొట్టను తెఱచి లోపలి యవయవములను కోయుట సాహసము కాదు, హత్యయనియే పలువురి యభిప్రాయము.

1860లో బిల్‌రోత్ స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరమునకు శస్త్రవైద్యాచార్యుడై పోయెను. అచ్చట 1863లో, ఏబది ఉపన్యాసములుగా, అతడు ప్రకటించిన శస్త్రవైద్య గ్రంథము అనేక భాషలలోనికి పరివర్తనము పొందినది. అయినను జ్యూరికులో అతడు చేసిన మఱియొక పని దానికంటె గొప్పదని నా తలంపు. తన ఆస్పత్రిలో చికిత్స పొందిన రోగులందఱి లెక్కను, బ్రదికినవారినే గాక చనిపోయినవారిని కూడ చేర్చి, అతడు అచ్చువేయించెను. ఏ చికిత్సవలన ఎందఱు చనిపోయిరి, ఏల చనిపోయిరి, ఇంటికి పోయినవారు కొన్ని యేండ్ల తరువాత ఏ స్థితిలోనున్నారు అని విచారించి వ్రాసెను. అంతవఱకు వైద్యులు తాము బ్రదికించిన వారిని గూర్చియే వ్రాసికొనెడివారు. పరీక్షలో తప్పినవారి పేర్లు కొట్టివైచి, ఉత్తీర్ణులైనవారినే చూపి, ఫలితము నూటికి నూఱు అని చాటుకొను పాఠశాలను మనము మెచ్చుకొందుమా? తప్పినవారి లెక్క తెలియనిది బోధనలో లోపమెచ్చటనున్నదో తెలియదు.

జ్యూరికులోనే అతనికి బ్రామ్స్ అను సంగీతవిద్వాంసునితో స్నేహము కలిగెను. 1867లో బిల్‌రోత్ ఆస్ట్రియా రాజధానియగు వియన్నాకు ఆచార్యుడై వచ్చినపిమ్మట ఆ స్నేహము దృఢమైనది. బ్రామ్స్ రచించిన క్రొత్త కృతులు పెక్కు మొదట బిల్‌రోత్ ఇంటనే వినబడెడివి. ఆతిథేయుడు తానే పియానో గాని వయోలా గాని వాయించెడివాడు. 1873లో ప్రకటించిన రెండు తంత్రీవాద్య కృతులను బ్రామ్స్ ఈ వైద్యునికే అంకితమిచ్చెను. 1870లో ఫ్రాన్సునకును జర్మనీకిని యుద్ధము రాగా బిల్‌రోత్ స్వచ్ఛందముగా పోయి గాయపడిన సైనికులకు చికిత్స చేసెను.

స్కాట్లాండులో లిస్టరు పండితుడు కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని 1867లో ప్రకటించెను. బిల్‌రోత్ దానిని వెంటనే నమ్మలేదు. కొన్ని సంవత్సరములు సందేహించి, చూచి, తుదకు తన ఆస్పత్రిలో ప్రవేశపెట్టెను. ఈ లోపల 1873వ సంవత్సరాంతమున రాచపుండు పట్టిన కంఠనాళపు పైభాగమును, అనగా మాటపలుకు పెట్టెను, పూర్తిగా తీసివైచి రోగిని బ్రదికించెను. తరువాత అతని దృష్టి జీర్ణకోశముమీదికి మరలెను.

జీర్ణకోశము తిత్తివంటిది. మనము తినిన అన్నము పైనుండి దానిలోనికి దిగి, నలిగి, పులిసి, క్రిందిద్వారమున చిన్నప్రేవులోనికి పోవును. ఆ క్రిందిద్వారము మన గోదావరి కాలువలమీది లాకువంటిది. తగినంత తెఱచుకొని, తగినంత విడిచి, మరల మూసికొనును. ఆ లాకువద్ద రాచపుండు పెరిగినచో దారి ఇఱుకై తుదకు మూసికొనిపోవును. తినినది క్రిందికి పోదు. నిలువయుండి, కుళ్లి, వాంతియగును. రోగి అన్నము ఎదుటనుండగనే ఆకలితో కృశించి మరణించును. బిల్‌రోత్ కాలమునకు ఈ రోగికి వైద్యుడు చేయగలిగినది బాధకు మందిచ్చుట మాత్రమే.

ఆ భాగమును కోసి తీసివేయరాదా యను ప్రశ్న పాతదే. కాని జీర్ణకోశములోని పులుపురసము కుట్టిన చోటును తినివేయునేమో, కుట్లు సడలి లోపలి పదార్థము పొట్టలో చిందిన రోగి చచ్చునేమో, అంత భాగము పోయిన తరువాత జీర్ణమగునో కాదో ఎవ్వరికిని తెలియదు. బిల్‌రోత్ త్వరపడలేదు. అతని శిష్యులు గుస్సెన్‌బౌవర్, వినివార్టర్ అనువారు కుక్కలయందు ఆ భాగమును తీసి కుట్టి చూచి, కుట్టిన చోటు అతుకునని తెలిసికొనిరి. అంతటితో నిలువక, వియన్నాలో అనేక సంవత్సరములుగా వ్రాసియుంచిన శవపరీక్షల పుస్తకములను, అఱువదివేలకు పైబడిన వానిని, తిరుగవేసిరి. జీర్ణకోశపు రాచపుండ్లలో సగముకంటె ఎక్కువ ఆ క్రిందిద్వారమువద్దనే పుట్టుచున్నవనియు, అట్టివారిలో నూటికి సుమారు నలుబదిమందికి చనిపోవునాటికిని పుండు ఇతరస్థలములకు ప్రాకలేదనియు కనుగొని 1876లో ప్రకటించిరి. అనగా ఆ నలుబదిమందికి కత్తి ఉపకరించి యుండెడిది. బిల్‌రోత్ ధైర్యము ఈ లెక్కనుండి పుట్టినది. వట్టి సాహసము కాదు. 1877లో అతడు ఒక రోగి జీర్ణకోశమునకు పడిన రంధ్రమును కుట్టి మాన్పగలిగెను. మనుష్యుని జీర్ణకోశము కూడ కుట్టిన అతుకునని దానితో రుజువైనది.

ఇంతలో మఱియిద్దఱు ముందుగా ప్రయత్నించిరి. 1879 ఏప్రిలులో ప్యారిసు నగరమున పేయాన్ అను వైద్యుడు ఆ చికిత్స చేసెను. రోగి కొలదిదినములకే మరణించెను. 1880 నవంబరులో రిడిగియర్ అను పోలిష్ వైద్యుడు చేసెను. ఆ రోగి ఒక దినమైనను బ్రదుకలేదు.

1881 జనవరి నెలాఖరున తెరీస్ హెల్లర్ అను 43 సంవత్సరముల స్త్రీని వియన్నా ఆస్పత్రికి తెచ్చిరి. ఆమె ఎనమండుగురు బిడ్డల తల్లి. కొన్ని నెలలుగా వాంతులు, పాలిపోయిన ముఖము, పుల్లనిపాలు తప్ప మఱేదియు కడుపున నిలువదు. పొట్టపై చేయివైచిన గడ్డ చేతికి తగులుచుండెను. బిల్‌రోత్ సంగతియంతయు ఆమెకు చెప్పగా ఆమె సమ్మతించెను. జనవరి 29వ తేదీన శస్త్రచికిత్స జరిగెను. అంతకుముందు గోరువెచ్చని నీటితో జీర్ణకోశమును పలుమార్లు కడిగిరి. గదిని వెచ్చచేసిరి, పొట్ట తెఱచిన రోగికి చలి ప్రమాదకరము. బిల్‌రోత్ పొట్టను అడ్డముగా కోసి గడ్డను బయటికి తెచ్చి, జీర్ణకోశపు క్రిందిభాగమును, సుమారు 14 సెంటీమీటర్ల పొడవున, పుండుతోకూడ తీసివైచెను. మిగిలిన జీర్ణకోశపు నోరు వెడల్పు, ప్రేవు నోరు చిన్నది. పెద్దనోటిని కొంతవఱకు కుట్టి మూసి, మిగిలినంతను ప్రేవునకు సరిపోవునట్లు చేసి, కార్బాలిక్‌లో తడిపిన పట్టుదారముతో సుమారు ఏబది కుట్లు వైచి రెండింటిని కలిపెను. మత్తుమందిచ్చుటతో కూడ పట్టిన కాలము గంటన్నర.

ఆ తరువాతి దినములు ఆస్పత్రివారికి ఎట్లు గడచెనో ఊహించుకొనవచ్చును. జ్వరము రాలేదు. వాంతి కాలేదు. మొదట మంచుముక్కలు, తరువాత గ్రుక్కెడు గ్రుక్కెడుగా పుల్లనిపాలు. క్రమముగా ఆహారము హెచ్చించిరి. ఆఱవదినమున, ఫిబ్రవరి 4వ తేదీన, బిల్‌రోత్ వియన్నాలోని ఒక వైద్యపత్రిక సంపాదకునికి ఆ చికిత్స జరిగిన తీరును లేఖరూపమున వ్రాసి పంపెను. మూడువారములు దాటునప్పటికి తెరీస్ తన కాళ్లమీద నడచి ఇంటికి పోయెను.

మే నెలలో ఆమె మరణించెను. శస్త్రచికిత్స జరిగి నాలుగు మాసములు కాలేదు. శవపరీక్షలో చూడగా కుట్టిన చోటు చక్కగా అతికియుండెను. దారి తెఱచియే యుండెను. రాచపుండు మాత్రము కత్తికి అందని చోట్లకు, కాలేయమునకు కూడ, ముందే ప్రాకియుండెను. బిల్‌రోత్ చేసిన తరువాతి రెండు చికిత్సలలోను రోగులు కొలదిదినములకే మరణించిరి. ఇవన్నియు అతడును శిష్యులును ప్రకటించిరి; ఏదియు దాచలేదు. ఆమె శరీరమునుండి తీసిన భాగమును వియన్నాలోని వైద్యచరిత్ర సంగ్రహాలయమున గాజుపాత్రలో భద్రపఱచిరి.

ఇచ్చట ఒక్కక్షణము నిలువవలెను. బిల్‌రోత్ చేతిపనిలో లోపము లేదు. తెరీస్ వచ్చుటయే ఆలస్యమైనది. అందుకు ఆమెను నిందింపరాదు. గడ్డ చేతికి తగులునంత పెద్దదగువఱకు దానిని కనుగొను సాధనము ఆనాడు ఎవ్వరియొద్దను లేదు. నేడు మన సీమలో ఆలస్యమునకు కారణము వేఱు. కడుపులో మంటయనిన వాయువందురు; ఆకలి లేదనిన పైత్యమందురు; వాముకషాయము త్రాగి, సోడా త్రాగి, అంగడిలో మాత్రలు కొనివైచికొని ఆఱునెలలు గడుపుదురు. నూటికి తొంబదితొమ్మిదిమందికి అది నిజముగా అజీర్ణమే కావచ్చును. కాని నలుబదియేండ్లు దాటినవారికి క్రొత్తగా అజీర్ణము పట్టి విడువకున్నను, రెండుముద్దలకే కడుపు నిండినట్లున్నను, కారణము లేక బరువు తగ్గుచున్నను, తారువలె నల్లని విరేచనమైనను, రక్తహీనత కనబడినను, మ్రింగుట కష్టమైనను, వాంతులు మానకున్నను ఆలస్యము చేయక వైద్యునియొద్దకు పోవలెను. ఈ పుండు ఉత్తరహిందూస్థానముకంటె దక్షిణమున ఎక్కువ. హెలికోబాక్టర్ పైలోరి అను సూక్ష్మజీవి, పొగాకు, ఉప్పులో ఊరవైచి నిలువచేసిన ఆహారము దీనికి దోహదకారులు. ఆ సూక్ష్మజీవిని కనుగొనిన ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ అనువారికి 2005లో నోబెల్ బహుమానము లభించినది. దానిని మందులతో నిర్మూలింపవచ్చును. లంకపొగాకు చుట్టలను అలవాటు చేసికొనిన పెద్దలకు ఈ మాట రుచింపకపోవచ్చును.

లోపల చూచు సాధనమునకు ఒక యత్నము బిల్‌రోత్ ఆస్పత్రిలోనే, ఆ 1881లోనే జరిగినది. అతని శిష్యుడు మికులిచ్, లైటర్ అను పనిముట్లు చేయువాని సహాయముతో, విద్యుద్దీపము గల ఒక గొట్టమును చేయించి, నోటిద్వారా దింపి, జీర్ణకోశమును కంటితో చూచెను. గొట్టము వంగదు, రోగికి మిక్కిలి కష్టము. అందువలన అది వాడుకలోనికి అంతగా రాలేదు.

బిల్‌రోత్ 1885లో, ప్రేవునోటిని జీర్ణకోశముతో నేరుగా కలుపుటకు వీలుకాని రోగికి, ప్రేవులో క్రిందిభాగమును ఎత్తి జీర్ణకోశమునకు కుట్టెను. అదియే రెండవ పద్ధతి. 1882లో బెర్లినునుండి తన గురువుయొక్క పీఠమే స్వీకరింపుమని పిలుపు వచ్చినను అతడు వియన్నాను విడువలేదు. శస్త్రచికిత్స ఎంత బాగుగా జరిగినను తరువాత రోగిని కనిపెట్టుకొనియుండు చేయి మంచిది కానిచో ఫలమేమని తలంచి, రోగిపరిచర్యను గూర్చి గృహిణులకును నర్సులకును ఉపయోగపడు పుస్తకమును వ్రాసెను. రుడాల్ఫినర్‌హౌస్ అను నర్సుల పాఠశాలను, ఆస్పత్రిని నెలకొల్పుటకు ధనము ప్రోగుచేయుచు సంవత్సరములకొలది తిరిగెను.

గొప్పవాని జీవితమున మచ్చను కప్పిపుచ్చుట మంచిది కాదు. 1876లో వైద్యవిద్యను గూర్చి తాను వ్రాసిన గ్రంథమున బిల్‌రోత్, తూర్పుసీమలనుండి వచ్చు బీద యూదువిద్యార్థులను గూర్చి అన్యాయమైన మాటలు వ్రాసెను. వానివలన విశ్వవిద్యాలయములో అల్లరులు చెలరేగెను. తరువాత, 1891లో, యూదులపై ద్వేషమును ఎదిరించుటకు వియన్నాలో ఏర్పడిన సంఘమున అతడు చేరెను. ముద్రించిన మాట మాత్రము ముద్రించినట్లే నిలిచినది.

1887లో తీవ్రమైన న్యుమోనియా వచ్చి బిల్‌రోత్ ఆరోగ్యము చెడెను, గుండె బలహీనపడెను. ఏడు సంవత్సరములు ఆ దుర్బలస్థితిలోనే పాఠములు చెప్పుచు వచ్చెను. 1894 ఫిబ్రవరి 6వ తేదీన ఏడ్రియాటికు సముద్రతీరమున అబ్బాజియా అను ఆరోగ్యస్థానములో మరణించెను. దేహమును వియన్నాకు తెచ్చి సమాధిచేసిరి. సంగీతజ్ఞానమనగా నేమి యను విషయమును గూర్చి అతడు వ్రాయుచు ముగింపలేక విడిచిన పుస్తకమును మిత్రుడు హాన్స్‌లిక్ 1895లో ప్రకటించెను.

ఆ 1895 నవంబరులోనే రాంట్‌జన్ పండితుడు ఎక్స్‌కిరణములను కనుగొనెను. కొంతకాలమునకు రోగిచేత బేరియము ద్రావణమును త్రాగించి జీర్ణకోశపు ఛాయను తీయుట వచ్చినది. 1950లో జపానువారు లోపలికి దింపి ఛాయాచిత్రములు తీయు చిన్న కెమెరాను చేసిరి. 1957లో అమెరికాలో వంగెడు గొట్టము గల ఎండోస్కోపు వచ్చినది. నేడు రాజమహేంద్రవరములోను కాకినాడలోను అట్టి పరీక్ష కొలది నిమిషములలో జరుగుచున్నది. 1962లో జపాను వైద్యులు, జీర్ణకోశపు లోపలి పొరలను దాటని రాచపుండును తొలిదశపుండని నిర్ణయించిరి. అట్టి దశలో చికిత్స పొందినవారిలో నూటికి తొంబదిమందికి పైగా అయిదేండ్లు దాటి బ్రదుకుచున్నారు. 1991లో, తెరీస్ హెల్లర్ శస్త్రచికిత్స జరిగిన 110 సంవత్సరములకు, జపానులో కిటానో అను వైద్యుడు పొట్టపై చిన్న రంధ్రములు మాత్రమే చేసి, వానిద్వారా పరికరములను పంపి, జీర్ణకోశభాగమును తీసివైచి, మిగిలినదానిని బిల్‌రోత్ మొదటి పద్ధతిననే ప్రేవుతో కలిపెను. ఆ రోగియందలి పుండు తొలిదశలోనిది.